బరువు మోసే రెండు కాళ్లు

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలిని ఆనుకుని ఉన్న కొలకలూరు వంటి ఊళ్లలో వరికోతకు యంత్రాలు వచ్చి చాలాకాలమైంది. అక్కడి చేలలో పండిన ధాన్యం చేరే రైస్ మిల్లుల్లోనూ పొట్టు తీయడం, పాలిష్ పట్టడం, నూకలు వేరుచేయడం, రంగు మారిన గింజను కెమెరాతో పసిగట్టి గాలి ఊది పక్కకు తోసేయడం దాకా అన్నీ యంత్రాలు చేసే పనులే. అయినప్పటికీ లారీ మీది బస్తాను దించి కాటా దగ్గరకు చేర్చడానికి, గోదాములో నెట్టు కట్టడానికి, నింపి కుట్టిన బియ్యం బస్తాను మళ్లీ లారీకెక్కించడానికి ముఠా కూలీల వీపులే దిక్కవుతున్నాయి. ఒక యంత్రం పని ముగిసిన చోటికీ మరో యంత్రం పని మొదలయ్యే చోటికీ నడుమ మిగిలిపోయిన ఈ ఖాళీ రైస్ మిల్లులకే పరిమితమైనది కాదు. కార్ల కర్మాగారంలో విడిభాగాల బుట్టను అర నుంచి తీసి అమరిక వరుసకు అందించేదీ, ఆన్‌లైన్ అమ్మకాల గిడ్డంగిలో బుట్టను బండి మీదనుంచి కన్వేయర్ పట్టీ మీదకు మార్చేదీ నేటికీ ఎక్కువగా మనుషులే. మనిషి ఆకారంలో ఉండి, కర్మాగారాలలో రకరకాల పనులకు పనికివచ్చే రోబోలను తయారుచేసి అమ్మాలని గత పదేళ్లలో పుట్టిన అంకుర సంస్థలన్నీ ఈ ఖాళీనే తమ విపణిగా ఎంచుకున్నాయి.

ఇటువంటి రోబోను సర్వోపయోగ హ్యూమనాయిడ్ అంటున్నారు. హ్యూమనాయిడ్ అంటే మొండెం, రెండు చేతులు, సాధారణంగా రెండు కాళ్లు కలిగి మనిషి కొలతలకు దగ్గరగా ఉండే యంత్రం. సర్వోపయోగం అంటే ఒకే పనికి కట్టుబడకుండా, ఆదేశాలు మార్చడం ద్వారానో, చేసి చూపించి నేర్పడం ద్వారానో వేర్వేరు పనులకు వాడుకునే వీలుండటం. ఈ రెండో లక్షణం ఎందుకంత విలువైనదో అర్థం కావాలంటే మొదటితరం పారిశ్రామిక రోబోలను గుర్తుచేసుకోవాలి. జార్జ్ డెవొల్ ఆవిష్కరణను జోసెఫ్ ఎంగెల్‌బర్గర్ వ్యాపారంగా మలచగా, 1961లో జనరల్ మోటార్స్‌కు చెందిన న్యూజెర్సీ కర్మాగారంలో యూనిమేట్ అనే యాంత్రిక హస్తం అచ్చులనుంచి వేడి లోహపు భాగాలను బయటకు తీయడం మొదలుపెట్టింది. నాటినుంచి నేటివరకు పారిశ్రామిక రోబో అంటే ప్రధానంగా నేలకు బోల్టులతో బిగించిన చెయ్యి. అది ఒకే కదలికను లక్షల సార్లు తేడా లేకుండా చేయగలదు గానీ, పట్టుకోవలసిన వస్తువే దాని దగ్గరకు వచ్చి నిర్ణీత స్థానంలో నిలవాలి. అలా నిలబెట్టడానికి కావలసిన చట్రాలు, పట్టీలు, కంచెలు, ప్రోగ్రామింగ్ అన్నీ కలిపితే అయ్యే ఖర్చు తరచుగా ఆ చేతి ధరనే మించిపోతుంది. పని మారితే ఆ ఏర్పాటంతా విప్పి మళ్లీ కట్టాలి. పని ఉన్న చోటికి తానే నడిచి వెళ్లి, మనిషి కోసం కట్టిన అరలనూ ఇరుకు దారులనూ ఉన్నవి ఉన్నట్టుగానే వాడుకునే యంత్రం ఉంటే ఈ ఖర్చు తప్పుతుందనేది హ్యూమనాయిడ్ తయారీదారుల వాదనకు పునాది.

ఈ సంస్థల పుట్టుపూర్వోత్తరాలను వెదుకుతూ వెళితే ఒక ముఖ్యమైన దారి తెలుగువాడు తొలి సారథ్యం వహించిన ఒక సంస్థ దగ్గరకు చేరుతుంది. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో పుట్టి, మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ వద్ద పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ పొందిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, అంటే లోకం రాజ్ రెడ్డిగా ఎరిగిన శాస్త్రవేత్త, 1979లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు వ్యవస్థాపక సంచాలకుడు. వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఆర్థిక సాయంతో, కర్మాగారాలకు పనికివచ్చే రోబోల పరిశోధనే లక్ష్యంగా ఆ సంస్థ మొదలైంది. కంప్యూటర్‌కు మనిషి మాట అర్థమయ్యేలా చేసే పరిశోధనలో అప్పటికే పేరుగాంచి, తర్వాత 1994లో ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో పంచుకున్న రాజ్ రెడ్డి, 1991 వరకు ఆ ఇన్‌స్టిట్యూట్‌ను నడిపించారు. అదే కాలంలో, 1980ల తొలి సంవత్సరాలలో, కార్నెగీ మెలన్‌లో మార్క్ రైబర్ట్ కాళ్ల ప్రయోగశాలను నెలకొల్పి ఒంటికాలితో గెంతే యంత్రాన్ని తయారుచేశాడు. ఆయన తర్వాత మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు మారి, 1992లో బోస్టన్ డైనమిక్స్‌ను స్థాపించాడు. పరిశ్రమలో హ్యూమనాయిడ్‌లను మొదటగా జీతానికి పెట్టిన ఎజిలిటీ రోబోటిక్స్ సంస్థ స్థాపకులలో జొనాథన్ హర్స్ట్, డేమియన్ షెల్టన్ ఇద్దరూ, తర్వాత దాని సాంకేతిక సారథ్యం చేపట్టిన ప్రస్ వెలగపూడి కూడా రోబోటిక్స్ విద్యలో డాక్టరేట్ అందుకున్నది కార్నెగీ మెలన్‌లోనే. ఒక విద్యాసంస్థ ఫలితం దాని తొలి ఒప్పందాల కాలంలో కాక నలభై ఏళ్ల తర్వాత గిడ్డంగి నేల మీద కనబడటం విజ్ఞానచరిత్రలో అరుదేమీ కాదు గానీ, స్వల్పకాలిక ఫలితాలనే లెక్కించే నేటి పరిశోధనా విధానాలకు ఈ వంశవృక్షం గట్టి సమాధానం.

రైబర్ట్ చేసిన పనిని కొంత వివరంగా చూడటం అవసరం, ఎందుకంటే రెండు కాళ్ల రోబో వ్యాపారవస్తువు కాగలిగిందంటే అందుకు మూలం అక్కడే ఉంది. అంతకుముందు రెండు కాళ్ల యంత్రాలను నడిపించే పద్ధతి నిలకడను కాపాడుకోవడం మీద ఆధారపడేది. పాదం మీద నేల చూపే ప్రతిచర్య బలాలన్నీ కలిసి ఒకే బిందువు వద్ద పనిచేస్తున్నట్టు లెక్కకట్టవచ్చు. ఆ బిందువు పాదపు అంచుల లోపల ఉన్నంతవరకు పాదం నేలకు సమంగా ఆనుకుని ఉంటుంది, అంచును చేరితే పాదం ఒరిగి యంత్రం పడిపోతుంది. యుగోస్లావియా శాస్త్రవేత్త మియోమిర్ వుకోబ్రటోవిచ్ ప్రతిపాదించిన ఈ భావనను శూన్య భ్రామక బిందువు అంటారు. 1973లో టోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయంలో ఇచిరో కాటో బృందం వాబాట్-1ను నిర్మించిన నాటినుంచి జపాన్‌లో సాగిన కృషి 2000లో హోండా కంపెనీ అసిమోను ప్రదర్శించడంతో శిఖరాన్ని అందుకుంది. అసిమో నడక చూడముచ్చటగా ఉండేది. కానీ మోకాళ్లు ఎప్పుడూ కొద్దిగా వంచి ఉంచుతూ, ప్రతి కీలు కోణాన్నీ ముందుగా లెక్కించిన దారిలోనే నడిపే ఆ పద్ధతికి శక్తి ఎక్కువ ఖర్చయ్యేది, నేల లెక్కకు భిన్నంగా ఉంటే ఇబ్బంది ఎదురయ్యేది.

రైబర్ట్ దృష్టిలో నడక, పరుగు అనేవి నిలకడ కావు, పడిపోతూ ప్రతి అడుగులోనూ ఆ పతనాన్ని పట్టి ఆపడమే. నిలువుగా పెట్టిన కర్రను అరచేతి మీద నిలబెట్టే పిల్లవాడు కర్ర వాలిన దిక్కుకే చేతిని జరుపుతాడు తప్ప కర్రను కదలకుండా బిగించడు. ఒంటికాలి యంత్రమూ తన పాదాన్ని ఎక్కడ మోపాలన్న ఒక్క నిర్ణయంతోనే తన వేగాన్ని అదుపు చేసుకునేది. పాదం నేలను తాకి ఉండే క్షణాలలో శరీరం ఎంత దూరం ముందుకు సాగుతుందో ఆ దూరానికి నట్టనడుమ పాదం మోపితే వేగం మారదు. అంతకంటే ముందు మోపితే వేగం తగ్గుతుంది, వెనక మోపితే పెరుగుతుంది. దీనికి గెంతు ఎత్తును నియంత్రించే తోపునూ, నేల మీద ఉన్నప్పుడు మొండెం వాలును సరిదిద్దే తుంటి కదలికనూ చేర్చి, నియంత్రణను మూడు చిన్న భాగాలుగా విడగొట్టడంతో అంతవరకు అసాధ్యమనిపించిన సమస్య సులువైన లెక్కగా మారింది. హర్స్ట్ ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఈ ఆలోచనను యంత్ర నిర్మాణంలోకే తీసుకువెళ్లాడు. పరిగెత్తే జంతువుల కాలిని స్ప్రింగు మీద నిలిచిన బరువుగా భావించి లెక్కిస్తే వాటి కదలిక చాలావరకు సరిపోతుంది కాబట్టి, అడుగు పడినప్పటి దెబ్బను దాచుకుని మరుసటి అడుగుకు తిరిగిచ్చే స్ప్రింగులను కాళ్లలోనే అమర్చి ఆట్రియాస్ అనే రోబోను, 2015లో ఎజిలిటీ సంస్థగా వేరుపడిన తర్వాత 2017లో క్యాసీ అనే కాళ్ల జతను రూపొందించారు. క్యాసీ 2021లో ఒక్క చార్జింగ్‌తో 5 కిలోమీటర్లను సుమారు 53 నిమిషాలలో పూర్తిచేసింది. 2022లో 100 మీటర్లను 24.73 సెకన్లలో పరిగెత్తి గిన్నిస్ రికార్డు నమోదు చేసింది. ఆ పరుగును ఎవరూ అడుగడుగునా రాసి ఇవ్వలేదు. కంప్యూటర్‌లో సృష్టించిన నమూనా లోకంలో లెక్కలేనన్ని సార్లు పడుతూ లేస్తూ, పడని ప్రయత్నానికి బహుమతి అంకెలు అందుకుంటూ నేర్చుకునే ప్రబలన అభ్యసనం అనే పద్ధతిలో శిక్షణ పొందిన నియంత్రణ ప్రోగ్రామే ఆ కాళ్లను నడిపింది.

క్యాసీ కాళ్ల మీద మొండెం, చేతులు, కెమెరాలు అమర్చగా వచ్చినది 2019 నాటి డిజిట్. సుమారు 175 సెంటీమీటర్ల ఎత్తు, 65 కిలోల బరువు ఉండే ఈ రోబో 16 కిలోల వరకు ఎత్తగలదు. దాని కాళ్లు పక్షి కాళ్లలా వెనక్కి మడుచుకోవడం అలంకారం కోసం కాదు. అర ముందు కూర్చుని కింది వరుసలోని బుట్టను అందుకునేటప్పుడు మోకాళ్లు ముందుకు పొడుచుకువచ్చి అరకు తగలకుండా ఉండటానికి అది అనువైన నిర్మాణం. అయితే చదునైన గిడ్డంగి నేల మీద కాళ్లెందుకు, చక్రాలు చాలవా అన్న ప్రశ్న సహేతుకమైనదే. చక్రాల మీద నిలిచిన యంత్రం తలకంటే ఎత్తులోని అర నుంచి బరువు తీసుకుంటే ఒరిగిపోకుండా ఉండటానికి అడుగుభాగాన్ని వెడల్పుగానూ బరువుగానూ చేసుకోవాలి, అప్పుడది ఇరుకు దారిలో పట్టదు. కాళ్లున్న యంత్రం బరువు ఎటు లాగితే అందుకు ఎదురుగా శరీరాన్ని వాల్చి, పాదాన్ని మార్చి, మనిషి నిలబడే చోటులోనే సర్దుకోగలదు. మెట్లెక్కడం కంటే ఇదే కాళ్లకు బలమైన సమర్థన. ఎత్తు పల్లాలు లేని, దారులు విశాలంగా ఉన్న చోట చక్రాలనే వాడటం వివేకం.

2024 జూన్‌లో జీఎక్స్‌ఓ అనే రవాణా సేవల కంపెనీ జార్జియా రాష్ట్రంలోని ఫ్లవరీ బ్రాంచ్ వద్ద తాను నిర్వహించే దుస్తుల గిడ్డంగిలో డిజిట్‌లను పనికి పెట్టుకోవడానికి బహుళ సంవత్సరాల ఒప్పందం చేసుకుంది. ప్రయోగంగా కాక, ధర చెల్లించి హ్యూమనాయిడ్‌ను వాడుకున్న తొలి ఒప్పందంగా దీన్ని పరిగణిస్తున్నారు. అక్కడ డిజిట్ చేసే పని వినడానికి చాలా చిన్నది. సరుకు ఏరి నింపిన ప్లాస్టిక్ బుట్టలను చక్రాల బండి రోబో తెచ్చి నిలుపుతుంది. డిజిట్ దాని ముందుకు నడిచివచ్చి, బుట్టను రెండు వైపులా ఒత్తి పట్టుకుని ఎత్తి, వెనక్కి తిరిగి, కన్వేయర్ పట్టీ మీద పెడుతుంది. 2025 నవంబరుకు ఇలా లక్ష బుట్టలు మార్చినట్టు సంస్థ ప్రకటించింది. ఒప్పందం నాటినుంచి లెక్కవేస్తే రోజుకు సగటున 200 బుట్టలు. ఒక్కో బుట్టకు 20 సెకన్లు పట్టిందనుకున్నా అది గంటకు కొంచెం మించిన పని. ఈ అంకెను చిన్నచూపు చూడనక్కరలేదు, ఎందుకంటే పరిశ్రమకు కావలసినది వేగం కంటే ముందు నమ్మకం. 2015లో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన అమెరికా రక్షణశాఖ రోబోల పోటీలో తలుపు తీయబోయి, మెట్టెక్కబోయి వరుసగా కుప్పకూలిన హ్యూమనాయిడ్‌లను చూసినవారికి పదేళ్లలో వచ్చిన మార్పు ఎంతటిదో తెలుస్తుంది. అయితే మనిషి స్థానాన్ని అప్పుడే ఆక్రమించిందన్న ప్రచారానికి మాత్రం ఈ అంకె ఏమాత్రం ఊతమివ్వదు.

ఆ గిడ్డంగిలో డిజిట్ పనిచేసే చోటికి పనివేళలో మనుషులు వెళ్లరు. ఇందుకు కారణం రెండు కాళ్ల యంత్రపు స్వభావంలోనే ఉంది, హ్యూమనాయిడ్ వ్యాపారంలోని అతి కఠినమైన సమస్య కూడా ఇదే. బిగించిన యాంత్రిక హస్తానికి ఏదైనా ముప్పు వస్తే ఎర్ర మీట నొక్కుతారు; కరెంటు పోతుంది, బ్రేకులు పడతాయి, చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. విద్యుత్తు లేకపోవడమే అక్కడ సురక్షిత స్థితి. పడిపోతూ పట్టుకుంటూ నిలిచే యంత్రానికి కరెంటు తీసేస్తే ఆగిపోదు, కూలిపోతుంది. 65 కిలోల లోహం, చేతిలో 16 కిలోల బుట్ట పక్కనున్న మనిషి మీద పడవచ్చు. పోనీ కరెంటు ఉంచి నిలకడ కాపాడుకోమందామంటే, లోపం ఆ నిలకడ చూసుకునే భాగంలోనే వచ్చి ఉండవచ్చు. మనిషి దగ్గరకు వస్తున్నట్టు ముందే గుర్తించి, బుట్టను దించి, నెమ్మదిగా కూర్చుని, ఆ తర్వాతే మోటార్ల శక్తిని నిలిపివేసే పద్ధతులు రూపొందుతున్నాయి. పారిశ్రామిక రోబోల భద్రతకు వర్తించే ఐఎస్‌ఓ 10218 ప్రమాణం కదలని పునాది ఉన్న యంత్రాలను దృష్టిలో పెట్టుకుని రాసింది కాబట్టి, నిరంతరం నిలకడ చూసుకోవలసిన రోబోల కోసం 25785 సంఖ్యతో వేరే ప్రమాణాన్ని తయారుచేసే పని చేపట్టారు.

వ్యాపారరీతి విషయానికి వస్తే, ఎజిలిటీ డిజిట్‌ను అమ్మడం కంటే సేవగా అందించడానికే మొగ్గుచూపింది; కొనుగోలుదారు యంత్రానికి కాక అది చేసే పనికి నిర్ణీత కాలానికి రుసుము చెల్లిస్తాడు, మరమ్మతులూ ప్రోగ్రాం మార్పులూ తయారీదారు బాధ్యతగా ఉంటాయి. ఏడాదికి 10,000 రోబోల దాకా తయారుచేయగల కర్మాగారాన్ని ఆరెగాన్‌లోని సేలంలో నెలకొల్పుతున్నట్టు 2023లో ఆ సంస్థ ప్రకటించింది. టెక్సస్ విశ్వవిద్యాలయ ప్రయోగశాల నుంచి 2016లో పుట్టిన ఆప్ట్రానిక్, 25 కిలోలు ఎత్తి ఒక బ్యాటరీతో 4 గంటలు పనిచేసేలా రూపొందించిన అపోలోను 2023లో చూపించి, మరుసటి ఏడాది మెర్సిడెస్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుంది. ఫిగర్ అనే మరో సంస్థ దక్షిణ కరోలినాలోని బీఎండబ్ల్యూ కర్మాగారంలో లోహపు రేకులను వెల్డింగ్ చట్రంలో అమర్చే పనిని తన రోబోతో చేయించి చూసింది. 2021లో బోస్టన్ డైనమిక్స్‌ను చేజిక్కించుకున్న హ్యుందాయ్ సముదాయం తన అట్లాస్ హ్యూమనాయిడ్‌ను మొదట జార్జియాలోని సొంత కార్ల కర్మాగారంలో దించబోతోంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా కూడా ఆ సముదాయానిదే కనుక, ఆంధ్రదేశపు కార్మికులకు ఈ యంత్రంతో పరిచయం ఆ దారిన కలిగే అవకాశం ఎక్కువ. తెలుగునాట స్వయంగా సాగుతున్న కృషిలో హైదరాబాదులోని స్వాయ రోబోటిక్స్‌ను చెప్పుకోవాలి. మనుషుల పక్కన కంచె లేకుండా పనిచేసే సహకార యాంత్రిక హస్తాలతో మొదలైన ఆ సంస్థ, రక్షణ పరిశోధనా సంస్థకు చెందిన పుణె, బెంగళూరు ప్రయోగశాలల సహకారంతో నాలుగు కాళ్ల రోబోనూ, మనిషి ఒంటికి తొడిగే యాంత్రిక చట్రాన్నీ 2023లో ప్రదర్శించింది. మనిషిని తొలగించకుండా అతని ఒంటి మీది భారాన్ని తగ్గించే ఈ రెండో పరికరానికి వార్తలలో దక్కినదానికంటే ఎక్కువ ప్రాముఖ్యం దక్కవలసి ఉంది.

సర్వోపయోగం అన్న మాట ఇప్పటికైతే ఆశయమే. ప్లాస్టిక్ బుట్టకు ఆకారం మారదు, అంచులు గట్టిగా ఉంటాయి, కొలతలు ముందే తెలుసు. మిల్లులోని గోనెబస్తా ఇందుకు పూర్తిగా విరుద్ధం. కోస్తాలో నేటికీ దిగుబడిని 75 కిలోల బస్తాలలో లెక్కిస్తారు. కొనుగోలు కేంద్రాలలో 40 కిలోల సంచి వాడుకలోకి వచ్చింది. ముఠా కూలీ కొక్కెంతో గోనె చెవిని లాగినప్పుడు లోపలి ధాన్యం ఒక పక్కకు జారుతుంది. ఆ జారుడును అతని చెయ్యి పసిగట్టి, బస్తా గురుత్వకేంద్రం ఎక్కడికి మారిందో చూపుతో పని లేకుండానే తెలుసుకుంటుంది. స్పర్శను ఇంత సూక్ష్మంగా గ్రహించే యాంత్రిక హస్తం పరిశ్రమకు గిట్టుబాటయ్యే ధరలో, రోజంతా గోనె రాపిడిని తట్టుకునే మన్నికతో ఇంకా రాలేదు.

నిలకడ లెక్క కూడా అక్కడ తలకిందులవుతుంది. 65 కిలోల రోబో 16 కిలోల బుట్టను తనకు 40 సెంటీమీటర్ల ముందు పట్టుకుంటే ఉమ్మడి గురుత్వకేంద్రం సుమారు 8 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. కొద్దిగా వెనక్కి వాలితే సరిపోతుంది. అదే యంత్రం 75 కిలోల బస్తాను అలా పట్టుకుంటే గురుత్వకేంద్రం 21 సెంటీమీటర్లకు పైగా ముందుకు పోయి పాదం కొసను దాటేస్తుంది. హమాలీలు బస్తాను చేతులతో ముందు పట్టుకోకుండా వీపు మీదకో తల మీదకో వేసుకుని, నడుము వంచి, బరువు సరిగ్గా పాదాల మీదకు వచ్చేలా చూసుకోవడం వెనక ఉన్నది ఈ భౌతికశాస్త్రమే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 నాటి సిఫారసులో వయోజన పురుషుడు ఒంటరిగా మోయదగిన గరిష్ఠ బరువును 55 కిలోలుగా పేర్కొంది. తెనాలి ప్రాంతపు మిల్లులలో, దుగ్గిరాల పసుపు యార్డులో తరతరాలుగా మోస్తూ వచ్చిన బరువులతో ఆ అంకెను పోల్చితే, యంత్రం వచ్చేదాకా ఆగవలసిన పని లేకుండా సంచి పరిమాణాన్నే తగ్గించి, లారీ దాకా సాగే ఎలివేటర్ పట్టీలను పెంచి ఈ కూలీల వెన్నెముకలను కాపాడవచ్చునన్నది స్పష్టం. హ్యూమనాయిడ్ ముందుగా అడుగుపెట్టేది కొలతలు ఒకే తీరుగా ఉన్న బుట్టలు తిరిగే గిడ్డంగులలోకీ, కార్ల, ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలలోకీ. ధాన్యపు గోదాముకు దాని రాక అన్నిటికంటే ఆలస్యమవుతుంది. ముఠా పని ఒంటరి పని కాకపోవడం అందుకు మరో కారణం. ఇద్దరు చెరో కొస పట్టి బస్తాను లేపితే మూడో మనిషి వీపు ఒగ్గి అందుకుంటాడు, నెట్టు మీద నాలుగో మనిషి దాన్ని సరిచేస్తాడు, కూలి డబ్బును మేస్త్రీ అందరికీ వాటాలు వేస్తాడు. కంచె లోపల ఒంటరిగా మాత్రమే పనిచేయగలిగిన యంత్రం ఈ వరుసలో ఏ ఒక్కరి స్థానంలోనూ నిలబడలేదు. నిలబడాలంటే పడిపోయేటప్పుడు కూడా పక్కవారికి దెబ్బ తగలనివ్వదని ముందుగా రుజువు కావాలి, ఆ రుజువును ఏ కొలతలతో చూడాలన్నది ప్రమాణాల సంఘాలు ఇంకా తేల్చవలసి ఉంది.